ఒకే నది, రెండు పేర్లు: లిస్బన్ నుంచి టొలేడో దాకా పది రోజులు

ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ప్రతి ఏడూ "1498లో వాస్కోడగామా కాలికట్ చేరెను" అని చెప్పి, బోర్డు మీద ఆఫ్రికా చుట్టూ సుద్దముక్కతో ఒక గీత గీసి, తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేదాన్ని. ఆ గీత మొదలైన చోట ఎలాంటి మనుషులుండేవారో, వాళ్ళకు ముందు అక్కడ ఎవరు బతికారో పిల్లలు అడగలేదు, నేనూ చెప్పలేదు. అది ఎప్పుడూ మనసులో ఒక మూల ఉండేది.

మా అమ్మాయి చదువు కోసం లిస్బన్ వెళ్ళి రెండేళ్ళయింది. "రిటైరయ్యావు కదమ్మా, ఇప్పుడు కూడా రాకపోతే ఇంకెప్పుడొస్తావు?" అని టికెట్ తీసి పంపింది. ఏప్రిల్ 24 రాత్రి లిస్బన్‌లో దిగాను.

మొదటి రోజు, లిస్బన్

పొద్దున్నే పెట్టె తెరిచి చీరలు తీస్తుంటే అమ్మాయి "ఆ అర్మారియులో పెట్టమ్మా" అంది. అర్మారియు అంటే మన అల్మారాయే. చిన్న నోట్‌బుక్కు తీసి మొదటి పేజీలో ఆ మాట రాసుకున్నాను. ఈ పది రోజులూ మాటలే నాకు దారి చూపించాయి.

ఏప్రిల్ 25 ఇక్కడ సెలవు రోజు. 1974లో ఇదే తేదీన, అర్ధరాత్రి దాటాక రేడియోలో ఒక పాట వేశారు. అది సైన్యంలోని యువ కెప్టెన్లు ముందే అనుకున్న గుర్తు. సాయంత్రానికి 48 ఏళ్ళ నియంతృత్వం కూలిపోయింది. 1961లో తమ ఆఫ్రికా వలస అంగోలాలో మొదలైన యుద్ధం మొజాంబిక్‌కూ గినీకీ పాకి, పదమూడేళ్ళు సాగింది. పల్లెల కుర్రాళ్ళను ఓడలెక్కించి అక్కడికి పంపేవారు. ఆ యుద్ధాలతో విసిగిపోయిన సైనికులే తిరగబడ్డారు. గోవా వాళ్ళ చేయి జారింది కూడా ఆ 1961లోనే.

ఊళ్ళో అందరి చేతుల్లోనూ ఎర్ర కార్నేషన్ పువ్వులు. ఆ రోజు సెలెస్త్ కైరో అనే రెస్టారెంటు పనమ్మాయి, యజమాని ఇచ్చిన పువ్వులు పట్టుకుని ఇంటికి వెళుతోంది. ఒక సైనికుడు సిగరెట్ ఉందా అని అడిగాడు. సిగరెట్ లేక, చేతిలో ఉన్న పువ్వు ఇచ్చింది. అతను దాన్ని తుపాకీ గొట్టంలో పెట్టుకున్నాడు. ఆ విప్లవానికి పేరు అలా వచ్చింది. రక్తం చిందని విప్లవం అంటారు గానీ, రహస్య పోలీసులు తమ ఆఫీసు ముందు చేరిన జనం మీద కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. వాళ్ళను కూడా తలుచుకోవాలి.

మధ్యాహ్నం కార్మో అనే చిన్న కూడలికి వెళ్ళాం. నాలుగు చెట్లు, ఒక నీళ్ళ ఫౌంటెన్, ఒక పక్క పోలీసు బారకాసులు, ఇంకో పక్క కప్పులేని చర్చి. ఆ రాళ్ళ గట్టు మీద కూర్చుంటే పోర్చుగల్ చరిత్ర మొత్తం ఒక్క చోట కనిపించింది. 1385లో పక్కనున్న కాస్తిల్ (ఇప్పటి స్పెయిన్‌లో భాగం) రాజు పోర్చుగల్‌ని కలిపేసుకోవడానికి పెద్ద సైన్యంతో వస్తే, అల్జుబరోటా దగ్గర తక్కువ మందితోనే వాళ్ళను ఓడించిన సేనాని నూనో అల్వరెష్ పెరేరా. ఈ చర్చి ఆయన కట్టించిందే. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండగ రోజు, జనం పూజల్లో ఉండగా భూకంపం వచ్చింది. కప్పు కూలిపోయింది. తర్వాత సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ తర్వాత రోజుల తరబడి మంటలు. నియంతృత్వపు చివరి ప్రధాని మార్సెలో కైతానో 1974లో దాక్కున్నది, లొంగిపోయింది ఈ పక్కనున్న బారకాసుల్లోనే. చర్చి కప్పు మాత్రం ఈ రోజుకీ వేయలేదు. రాతి కమానులు చేప ఎముకల్లా ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. మధ్యలో గడ్డి, దాని మీద ఎండ.

అమ్మాయి ఇంటి యజమానురాలికి ఎనభై దాటాయి. నేను స్పెయిన్ కూడా వెళుతున్నానని తెలిసి, "స్పెయిన్ నుంచి మంచి గాలీ రాదు, మంచి పెళ్ళీ రాదు" అనే వాళ్ళ సామెత చెప్పింది. సామెత వెనుక 1580 ఉంది. పోర్చుగల్ రాజుకు వారసుడు లేకపోతే, తల్లి వైపు నుంచి హక్కున్న స్పెయిన్ రాజు ఫిలిప్ సింహాసనం ఎక్కాడు. ఆ కలయిక 60 ఏళ్ళు నడిచి, 1640 డిసెంబరు 1న తెగింది. ఆ తేదీ వాళ్ళకు ఇప్పటికీ సెలవే.

రెండో రోజు, బెలేం

తేజూ నది సముద్రంలో కలిసే దగ్గర జెరోనిమోస్ మఠం. మాన్యుయెల్ రాజు కట్టించడం మొదలుపెట్టాడు. ఖర్చు చాలావరకు తూర్పు దేశాల మసాలా వ్యాపారం మీద సుంకం నుంచి వచ్చింది. అంటే మలబారు మిరియమే ఇక్కడ రాయిగా మారింది. స్తంభాల మీద చెక్కడాలు దగ్గరికెళ్ళి చూశాను. ఓడ తాళ్ళు, వాటి ముడులు, పగడాలు, ఆకులు, తెలియని జంతువులు. ఒక ముడిలో తాడు పురి కూడా కనిపించేలా చెక్కాడు ఆ శిల్పి.

లోపలికి అడుగుపెట్టగానే ఒక పక్క వాస్కోడగామా సమాధి, ఇంకో పక్క కవి కమోయెన్స్ సమాధి. గామా రాతిబొమ్మ వెల్లకిలా పడుకుని చేతులు జోడించి ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. 1524లో ఆయన మన కొచ్చిలోనే పోయాడు, తర్వాత ఎముకలు ఇక్కడికి తెచ్చారు. నేను పిల్లలకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటుంది. 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా యాత్ర చేసి తిరిగొస్తున్న ఓడను పట్టుకుని, సొమ్ము తీసుకుని, ఆడవాళ్ళూ పిల్లలూ సహా అందులో ఉన్న వందల మందితో తగలబెట్టించాడు. వాళ్ళ వైపు వాళ్ళే రాసిపెట్టుకున్న విషయమిది. జోడించిన ఆ రాతి చేతులు చూస్తుంటే నాకు ఆ ఓడ తప్ప వేరే ఏమీ గుర్తు రాలేదు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక అమ్మాయి అడిగింది: "మనకీ వీళ్ళకీ నేరుగా సంబంధం ఏమైనా ఉందామ్మా? కాలికట్, గోవా కాదు. మన తెలుగువాళ్ళకి."

ఉంది. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. అప్పటికి కృష్ణదేవరాయలు గద్దెనెక్కి ఏడాది. ఆయనకు గుర్రాలు కావాలి, అవి సముద్రం మీద నుంచే రావాలి. రేవులు బాగుచేసుకోవాలని, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే పరదేశి వర్తకులను దగ్గర చేసుకోవాలని రాయలవారే ఆముక్తమాల్యదలో రాశారు. ఆ గుర్రాల వ్యాపారం వెంట విజయనగరం వెళ్ళినవాళ్ళలో దొమింగో పాయెస్ ఒకడు. రాయలు మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, కాస్త ఒళ్ళున్న మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు ఉన్నాయి అని రాశాడు. మన కావ్యాల్లో వెతికినా ఆ మచ్చలు కనిపించవు. ఎక్కడివాడో, తన ఊరికి జాబు రాసినట్టు రాసుకుంటే మనకు మన రాజు ముఖం దొరికింది.

"అయితే వీళ్ళను తిట్టాలా, మెచ్చుకోవాలా?" అంది. రెండూ చేయాలన్నాను.

మూడో రోజు, ఎవొరా

లిస్బన్ నుంచి బస్సులో గంటన్నర. దారంతా ఎడం ఎడంగా కార్క్ ఓక్ చెట్లు. మొదలు నుంచి మనిషి ఎత్తు దాటేదాకా బెరడు ఒలిచేసి ఉంటాయి. ఒలిచిన చోట ఎర్రమట్టి రంగు. ప్రతి చెట్టు మీదా తెల్ల పెయింటుతో ఒక అంకె. 4 అని ఉంటే నాలుగుతో ముగిసే ఏడాదిలో ఒలిచారని లెక్క. మళ్ళీ తొమ్మిదేళ్ళ దాకా ముట్టుకోరు. చెట్టుకు పాతికేళ్ళొచ్చాకే మొదటి ఒలుపు, సీసా బిరడాలకు పనికొచ్చే బెరడు మూడో ఒలుపుకి గానీ రాదట. లెక్కేస్తే నలభై ఏళ్ళ పైమాట. తాత నాటితే మనవడి చేతికొచ్చే పంట. ప్రపంచంలో వాడే కార్క్‌లో సగం దాకా ఈ దేశానిదే. సముద్రాలు దాటిన జనం అని చదువుకున్నాం గానీ, తొమ్మిదేళ్ళు ఒక చెట్టు కోసం ఆగే జనం కూడా వీళ్ళే.

ఊరి బయట అల్మెండ్రెష్ అనే చోట ఆ చెట్ల మధ్య దాదాపు 95 నిలువు రాళ్ళు గుంపుగా ఉన్నాయి. ఏడు వేల ఏళ్ళ కిందటివి. ఎవరు పెట్టారో, ఏ భాష మాట్లాడారో తెలియదు. టికెట్ లేదు, గేటు లేదు. ఒక రాయికి వీపు ఆనించి కూర్చుంటే వెచ్చగా ఉంది. ఊళ్ళో రోమన్ గుడి, ఎముకలతో కట్టిన ప్రార్థనా మందిరం కూడా చూశాం. ఆ మందిరం వాకిలి మీద "ఇక్కడున్న మా ఎముకలు మీ ఎముకల కోసం ఎదురుచూస్తున్నాయి" అని రాసి ఉంది. నాకు రాళ్ళే నచ్చాయి.

నాలుగో రోజు, సరిహద్దు, మెరిదా

సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియలేదు. చెక్‌పోస్టు లేదు, బోర్డు ఒకటి కనిపించింది అంతే. సరిహద్దు ఊరు బడహోస్‌లో దిగి, మెరిదా బస్సుకు ఇంకా గంట టైముందని కాఫీ తాగుతూ కూర్చున్నాం. వెళ్ళి చూస్తే బస్సు వెళ్ళిపోయింది. స్పెయిన్ గడియారం పోర్చుగల్ కంటే గంట ముందు. ఆ గంట సంగతి మరిచిపోయాం. కాస్త టెన్షన్ పడ్డాం గానీ, తర్వాతి బస్సు దొరికింది. రెండు దేశాలూ పక్కపక్కనే ఉన్నాయి, మరి ఈ తేడా ఏమిటి అంటే, 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని జర్మనీ టైముకి జరిపింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా, ఫ్రాంకో పోయినా, గడియారం వెనక్కి రాలేదు.

మెరిదాని క్రీ.పూ. 25లో అగస్టస్ చక్రవర్తి కట్టించాడు, రిటైరైన సైనికుల కోసం. లుసిటానియా అనే రోమన్ రాష్ట్రానికి ఇదే రాజధాని. పోర్చుగీసువాళ్ళు తమను తాము లుసిటానియన్లంటారు. కమోయెన్స్ కావ్యం పేరూ దాని మీదే. ఆ లుసిటానియా రాజధాని ఇప్పుడు స్పెయిన్‌లో ఉంది! ఈ రెండు జాతులూ ఒకప్పుడు ఒకే రాష్ట్రంలో పన్ను కట్టాయి. రోమన్లను ఏళ్ళ తరబడి ఎదిరించిన విరియాతస్‌ని కూడా ఇద్దరూ మావాడే అంటారు. క్రీ.పూ. 139లో రోమన్లతో కుమ్మక్కైన సొంత మనుషులే అతన్ని నిద్రలో చంపారు.

నాటకశాల గొప్పది, అందరూ దాని కోసమే వస్తారు. నాకు మాత్రం కోటలోని బావి గుర్తుండిపోయింది. 835లో అరబ్బులు కట్టిన కోట. లోపల మెట్లు దిగితే చీకట్లో నీళ్ళు. పక్కనున్న గ్వాడియానా నది నుంచి వడకట్టుకుని వస్తాయి. మెట్ల దారికి రెండు పక్కలా, పైనా పెట్టిన రాళ్ళ మీద ద్రాక్షతీగలు చెక్కి ఉన్నాయి. అవి విసిగోతులవి. రోమన్ల తర్వాత ఉత్తరం నుంచి వచ్చి మూడు వందల ఏళ్ళు ఏలినవాళ్ళు. వాళ్ళ చర్చి రాళ్ళు తెచ్చి అరబ్బు మేస్త్రీ బావికి పెట్టుకున్నాడు. ఈ బావిని స్పానిష్‌లో "అల్హీబె" అంటారు, అది అరబ్బీ మాట. చేయి చాచి నీళ్ళు తాకాను. చల్లగా ఉన్నాయి.

ఐదు, ఆరు రోజులు, సెవిల్

ఊళ్ళోకి దిగగానే నది పేరు చూడండి, గ్వాదల్కివీర్. అరబ్బీలో వాది అల్ కబీర్, పెద్ద నది. స్పానిష్‌లో తలగడ "అల్మొవాద", ఊరి మేయరు "అల్కాల్దె", తాపీమేస్త్రీ "అల్బన్యీల్". అన్నీ అరబ్బీ నుంచి వచ్చినవే. స్పెయిన్‌లో గోడ కట్టేవాడి పేరు అరబ్బీది. మన ఊళ్ళో గోడ కట్టే మేస్త్రీ పేరు పోర్చుగీసు "మెస్త్రె" నుంచి వచ్చింది. నోట్‌బుక్కులో రెండూ పక్కపక్కన రాసుకున్నాను.

సెవిల్ చర్చి గంటల గోపురం హిరాల్డా ఒకప్పుడు మసీదు మీనారు. లోపల చాలావరకు మెట్లుండవు. 35 మలుపుల ఏటవాలు దారి, గుర్రం మీద పైకి వెళ్ళడానికి వీలుగా. నా మోకాళ్ళు ఆ కట్టినవాళ్ళకు దండం పెట్టుకున్నాయి. కింద కొలంబస్ శవపేటికను స్పెయిన్‌లోని నాలుగు రాజ్యాలకు గుర్తుగా నలుగురి విగ్రహాలు భుజాల మీద మోస్తున్నాయి.

ఎదురుగా ఇండీస్ ఆర్కైవ్స్ భవనం. అమెరికా వలసల పాలన తాలూకు కాగితాలన్నీ 1785 నుంచి ఒక్క చోట చేర్చారు. కోట్ల పేజీలు. 1494లో టోర్డెసిల్లాస్‌లో స్పెయిన్, పోర్చుగల్ కూర్చుని, కేప్ వెర్డ్ దీవులకు 370 లీగుల పడమర ఒక నిలువు గీత గీసి, ఇటు నీది అటు నాది అని ప్రపంచాన్ని పంచుకున్నారు. ఆ పంపకంలో ఉన్న మనుషులను ఒక్కమాట అడగలేదు. 1519లో ఈ నది మీద నుంచే మాగెల్లాన్ ఐదు ఓడలతో బయలుదేరాడు. ఆయన పోర్చుగీసువాడు, సొంత రాజు కాదంటే స్పెయిన్ రాజు దగ్గర చేరాడు. దారిలో ఫిలిప్పీన్స్‌లో చనిపోయాడు. మూడేళ్ళకు భూమి చుట్టి ఎల్కానో నాయకత్వంలో ఒక్క ఓడ తిరిగొచ్చింది, 18 మందితో.

ఆరో రోజు పొద్దున్న నది దాటి త్రియానా బజారుకు వెళ్ళాం. ఒక కొట్లో ఎర్రటి పొడి చిన్న రేకు డబ్బాల్లో పెట్టారు. పిమెంతోన్. మా నాన్న గుంటూరు దగ్గర నాలుగెకరాల్లో మిరప వేసేవారు. కల్లంలో ఎండుకాయల ఘాటుకు తుమ్ములతో పెరిగినదాన్ని నేను. డబ్బా మూత తీసి చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ముందు పొగ వాసన, ఓక్ కట్టెల మీద ఆరబెడతారు కాబట్టి. తర్వాత తీపి. కారం కోసం ఎదురుచూశాను, రాలేదు. కానీ కాయ మనదే, ఆ ఎరుపు మనదే.

మనది అన్నాను గానీ, మనది కాదు. కొలంబస్ మిరియాల కోసం పడమటికి పోయాడు. అక్కడి దీవుల్లో జనం తినే కాయను చూసి 1493 జనవరిలో తన రోజువారీ రాతల్లో "ఇదే వీళ్ళ మిరియం" అని రాసుకున్నాడు. మిరియం స్పానిష్‌లో "పిమియెంత", మిరపకాయ "పిమియెంతొ". మన మిరియానికీ మిరపకీ చుట్టరికం ఉన్నట్టే! ఒకే కాయను చూసి రెండు జాతులూ ఒకే దారిలో పేరు పెట్టుకున్నాయి. పోర్చుగీసు ఓడలు దాన్ని మన పడమటి తీరంలో దించాయి. మా నాన్న పొలంలో మిరప, పక్క పొలంలో పొగాకు, గట్టు అవతల మొక్కజొన్న, వేరుశనగ. ఒక్కటీ 1492కు ముందు మన నేల మీద లేదు. మా ఇంటి మూడు పూటల తిండి ఈ రేవుల మీదుగా వచ్చింది. ఆ సముద్రాల మీదే ఆఫ్రికా మనుషులను గొలుసులతో తీసుకెళ్ళారు. దక్షిణ అమెరికాలోని పోతోసీ వెండి గనుల్లో అక్కడి జనం చనిపోతూ తవ్వారు. డబ్బా కొన్నాను. బ్యాగులో పెట్టుకుంటుంటే చేతికి కాస్త బరువుగానే అనిపించింది.

త్రియానా ఒకప్పుడు హితానోల పేట. రోమా ప్రజలను స్పెయిన్‌లో అలా అంటారు. వాళ్ళ పూర్వీకులు మన దేశపు ఉత్తరం నుంచి వెయ్యేళ్ళ కిందట బయలుదేరి, ఎన్నో దేశాలు దాటి 1425 నాటికి ఇక్కడికి చేరారు. వాళ్ళ మాటలో నీళ్ళు "పన్యీ". రొమానీలో ముక్కు "నఖ్", చెవి "కన్", జుట్టు "బల్". హిందీ వచ్చిన ఎవరికైనా చెవిలో గంట మోగుతుంది. 1749లో ఒక్క ఉత్తర్వుతో దేశమంతటా వేల మంది హితానోలను పట్టి జైళ్ళలో, ఆయుధ కార్ఖానాల్లో పెట్టారు, మగవాళ్ళను ఒక చోట, ఆడవాళ్ళను ఒక చోట. ఆ జనం పెంచిన పాటే ఈ రోజు స్పెయిన్ గుర్తుగా ప్రపంచమంతా తెలిసిన ఫ్లమెంకో. రాత్రి ఒక చిన్న గదిలో విన్నాం. పాడేవాడు మొదటి "ఆయ్" అనగానే అమ్మాయి నా చేయి పట్టుకుంది.

ఏడో రోజు, కార్డోబా

ఈ ఊరి కోసం మిగతావన్నీ వదులుకోమన్నా వదులుకుంటాను.

పెద్ద మసీదు ముందు నారింజ చెట్ల ముంగిలి. స్పానిష్‌లో నారింజ "నారంహ". నారంగ అనే మన నేల మాట పారశీకం మీదుగా, అరబ్బీ మీదుగా ఇక్కడి దాకా వచ్చింది. కాలువలు చెట్టు నుంచి చెట్టుకు రాతినేల మీద సాగుతాయి. పూత వాసన పోలేదింకా.

లోపల వెలుగు తక్కువ. 856 స్తంభాలు. ఎటు చూసినా ఎర్ర ఇటుక, తెల్ల రాయి చారలతో కమానులు, ఒకదాని మీద ఇంకొకటి. ఎందుకలా రెండు అంతస్తుల కమానులంటే, స్తంభాలు పొట్టివి. 785 ప్రాంతంలో ఇక్కడి ముస్లిం పాలకుడు అబ్దుల్ రహమాన్ కట్టడం మొదలుపెట్టినప్పుడు రోమన్, విసిగోతు కట్టడాల నుంచి దొరికినవి తెచ్చి నిలబెట్టారు. ఎత్తు చాలక, స్తంభం మీద పట్టె లేపి ఇంకో కమాను వేశారు. ఒక్కో స్తంభాన్ని చేత్తో తడుముతూ నడిచాను. ఒకటి నున్నగా నల్లగా, ఒకటి మెలి తిరిగి, ఒకటి పొడవెక్కువై నేలలోకి దించి, ఒకదాని తల పైన ఆకులు చెక్కి, దాని పక్కదానికి ఏమీ లేకుండా. లేమితో మొదలైన పని ఇంత అందంగా రావడం నేను ఎక్కడా చూడలేదు. ఆ అబ్దుల్ రహమాన్ కూడా, డమాస్కస్ నుంచి ఏలిన తన వంశాన్ని దాదాపు అంతా చంపేస్తే పారిపోయి వచ్చిన కుర్రాడే.

ఆ స్తంభాల అడవి నడిమధ్యన ఉన్నట్టుండి కప్పు ఆకాశానికి లేచి, తెల్లగా, బంగారంగా, చర్చి. 1236లో కాస్తిల్ రాజు ఊరు గెలిచాక మసీదు చర్చి అయింది. 1523లో మధ్య భాగం పడగొట్టి ఈ పెద్ద చర్చి మొదలుపెట్టారు. ఊరి పాలకమండలి వద్దని గట్టిగా ఎదిరించినా ఆగలేదు.

గంటల కథ ఒకటి అమ్మాయికి చెప్పాను. 997లో ఇక్కడి సేనాని అల్ మన్సూర్ ఉత్తరాన సాంతియాగో మీద పడి, చర్చి గంటలు ఊడదీసి, క్రైస్తవ బందీల భుజాల మీద కార్డోబాకు మోయించాడు. మసీదులో దీపాలుగా వేలాడదీశారు. 1236లో గెలిచిన రాజు అవే గంటలను ముస్లిం బందీల భుజాల మీద సాంతియాగోకు తిప్పి పంపాడు. గంటలు అవే, దారి అదే. భుజాలు మారాయి. మోసిన ఆ మనుషుల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

ముస్లింలు, క్రైస్తవులు, యూదులు కలిసిమెలిసి ఉన్న స్వర్ణయుగం అని ఒక గైడు తన గుంపుకు చెబుతున్నాడు. అంత తేలిగ్గా నేను ఒప్పుకోలేను. ముస్లింలు కానివాళ్ళు తల పన్ను కట్టి, ఒక మెట్టు కింద బతికారు. ఈ ఊళ్ళో పుట్టిన యూదు పండితుడు మైమోనిడీస్ కుటుంబం, ఉత్తర ఆఫ్రికా నుంచి అల్మొహాదులనే ముస్లిం పాలకులు వచ్చి మతం మారమంటే ఊరొదిలి పోయింది. ఈ ఊరివాడే అయిన ముస్లిం తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ పుస్తకాలు చివరి రోజుల్లో తగలబెట్టారు. అయినా ఒక మాట నిజం. అరిస్టాటిల్‌ని యూరప్ మళ్ళీ చదువుకోవడానికి ఈ మనుషుల వ్యాఖ్యానాలు ఎంతో తోడ్పడ్డాయి.

ఎనిమిది, తొమ్మిది రోజులు, గ్రనాడా

గ్రనాడా సుల్తానుల కోట అల్హంబ్రాలో కంటికంటే ముందు చెవి నిండుతుంది. ఎక్కడో ఒక చోట నీళ్ళు పారుతూనే ఉంటాయి. దారో నదిని ఆరు కిలోమీటర్ల ఎగువన మళ్ళించి కాలువలో కొండ మీదికి తెచ్చారు. పన్నెండు సింహాల నోళ్ళ నుంచి నీళ్ళు నాలుగు దిక్కులా సన్నటి కాలువల్లోకి. గోడల మీద సున్నపు చెక్కడంలో ఒకే వాక్యం వందలసార్లు: "అల్లా తప్ప విజేత లేడు." ఓడిపోవడం మొదలైన రాజ్యం గోడ నిండా ఆ మాట రాసుకుంది.

1492 జనవరి 2న చివరి సుల్తాను అబూ అబ్దుల్లా కోట తాళాలు స్పెయిన్ రాణీ రాజులు ఇసబెల్, ఫెర్నాండోలకు ఇచ్చాడు. జనం మతం, భాష, ఆచారం జోలికి రామని ఒప్పందంలో రాశారు. మూడు నెలలు తిరక్కుండానే, మార్చి 31న, ఇదే కోటలో ఇంకో కాగితం మీద సంతకాలయ్యాయి. మతం మారని యూదులందరూ జులై చివరికల్లా దేశం వదిలిపోవాలి. చాలామంది పోర్చుగల్ వెళ్ళారు. అక్కడ 1497లో బలవంతంగా మతం మార్చారు, 1506లో లిస్బన్‌లో వందలు వేలుగా చంపారు. మొదటి రోజు నేను పువ్వులు చూసుకుంటూ నడిచిన వీధులకు కూతవేటు దూరంలోనే.

ముస్లింలకిచ్చిన మాట ఏడేళ్ళు నిలిచింది. 1499లో సిస్నేరోస్ అనే మతాధికారి వచ్చి సామూహికంగా బాప్తిస్మాలు మొదలుపెట్టాడు. బీబ్ రంబ్లా కూడలిలో అరబ్బీ పుస్తకాలు గుట్టపోసి కాల్చారు. తొమ్మిదో రోజు ఆ కూడలిలో కూర్చున్నాం. ఇప్పుడు పూలకొట్లు, చాక్లెట్ దుకాణాలు, సైకిళ్ళు తొక్కే పిల్లలు. 1567లో అరబ్బీ మాట్లాడకూడదన్నారు, ఆ బట్టలు కట్టకూడదన్నారు, స్నానశాలలు కూడా వద్దన్నారు. మరుసటి ఏడు కొండ పల్లెలు తిరగబడ్డాయి. ఆఖరికి 1609 నుంచి అయిదేళ్ళలో, మతం మారినవాళ్ళనే, తరాలుగా చర్చికి వెళ్ళినవాళ్ళనే, దాదాపు మూడు లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. వాళ్ళు పుట్టింది ఇక్కడ, వాళ్ళ తాతల తాతలు పుట్టింది ఇక్కడ.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ "ఒహలా, ఒహలా" అంది. "అలా జరిగితే బాగుండు అంటోందమ్మా" అంది అమ్మాయి. పోర్చుగీసులో "ఓషలా". అరబ్బీలో అల్లా తలిస్తే అనే మాట నుంచి వచ్చింది. మనుషులను పంపేశారు. వాళ్ళ దేవుడి పేరు మీద కోరికలు కోరుకుంటూనే ఉన్నారు.

సాయంత్రం రాజసమాధుల చర్చికి వెళ్ళాం. పైన పాలరాతి రాణీ రాజుల బొమ్మలు గొప్పగా ఉన్నాయి. నాలుగు మెట్లు దిగి చూస్తే కింద చిన్న గది, సీసపు పెట్టెలు. ఇంతే. ఆ ఊరి కవి లోర్కాను 1936 ఆగస్టులో ఫ్రాంకో పక్షం వాళ్ళు ఊరి బయట కొండ దారిలో కాల్చి చంపారు. ఆయన ఎముకలకు పెట్టె కూడా లేదు, ఇప్పటికీ దొరకలేదు. అంతర్యుద్ధంలో అలా రోడ్డు పక్కన పూడ్చిన వాళ్ళను స్పెయిన్‌లో ఇంకా తవ్వి తీస్తూనే ఉన్నారు.

పదో రోజు, టొలేడో

మాడ్రిడ్ మీదుగా మధ్యాహ్నానికి చేరాం. మూడు వైపులా నది, మధ్యలో కొండ మీద ఊరు. విసిగోతుల రాజధాని. 589లో వాళ్ళ రాజు రెకారెడ్ తాను కాథలిక్ మతం పుచ్చుకున్నట్టు ఇక్కడే ఒక సభలో ప్రకటించాడు. 1085లో క్రైస్తవ రాజులు తిరిగి గెలిచాక, ఇక్కడ అరబ్బీ పుస్తకాలను లాటిన్‌లోకి అనువదించారు. యూదు పండితుడు అరబ్బీ చదివి ఊరి భాషలో చెబితే, పక్కన కూర్చున్న పాదిరి దాన్ని లాటిన్‌లో రాసుకునేవాడట.

ఎల్ ట్రాన్సిటో అనే యూదుల ప్రార్థనాలయం 14వ శతాబ్దంలో రాజుగారి ఖజానాదారు సామ్యుయెల్ హలేవి కట్టించింది. లోపల గోడ పై అంచున హీబ్రూ అక్షరాలు బారుగా సాగుతున్నాయి. వాటి పక్కన తీగల మధ్యలో అరబ్బీ అక్షరాలు, ఇంకో చోట కాస్తిల్ రాజముద్ర. మెడ నొప్పెట్టే దాకా చూశాను. ఆ హలేవిని తర్వాత ఆ రాజే పట్టుకుని హింసించి చంపించాడు. 1492 తర్వాత ఇది చర్చి అయింది. ఇక్కడి నుంచి వెళ్ళిన యూదులు ఇస్తాంబుల్‌లో, సలోనికాలో స్థిరపడి, నాలుగైదు వందల ఏళ్ళు ఇంట్లో పాత స్పానిషే మాట్లాడుకున్నారు. 2015లో స్పెయిన్, పోర్చుగల్ రెండూ వాళ్ళ సంతతికి పౌరసత్వం ఇచ్చే చట్టాలు అమల్లోకి తెచ్చాయి.

చీకటి పడేముందు నది ఒడ్డుకు దిగాం. ఇక్కడ దాని పేరు తాహో. అమ్మాయి గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి, "ఇది మన తేజూనేనమ్మా. లిస్బన్‌లో నా కిటికీలోంచి కనిపించేది ఇదే" అంది. నాకు మ్యాపులో తెలుసు. బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. కానీ నీళ్ళు ఎటు పోతున్నాయో ఇప్పుడు చూశాను.

"ఇక్కడి నుంచి మనింటికి ఎన్నాళ్ళకు చేరతాయో ఈ నీళ్ళు?" అంది.

మధ్యలో ఆనకట్టలున్నాయి, చెప్పలేం అన్నాను. నోట్‌బుక్కు తీసి, చివరి పేజీలో తేజూ, తాహో అని పక్కపక్కన రాశాను.